విదేశీ రోయింగ్ క్యాంప్‌కు మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద పోటీకి ముందు రెండు మూడు వారాలు విదేశంలో జరిగే రోయింగ్ క్యాంప్‌కు వెళ్లబోయే కుర్రాళ్లు, అమ్మాయిలు, వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను అలాంటి క్యాంపుల్లో పడవ నడిపాను. ఆ తర్వాత చిన్నవాళ్ల జట్లతో కూడా వెళ్లాను. ముందుగా ఒక్క మాట. క్యాంప్‌లో మనం నీళ్ల మీద ఉండేది రోజుకు మూడు నాలుగు గంటలే. మిగతా ఇరవై గంటలు ఎలా గడిపామన్నది రేసు రోజు తేలిపోతుంది. అందుకే కింద చాలా సమాధానాలు ఆ ఇరవై గంటల గురించే ఉంటాయి.

ప్రాక్టీస్ ఉన్న చోటే చేసుకోవచ్చు కదా, అంత దూరం ఎందుకు?

మొదటి కారణం నీళ్లు. రేసు దూరం 2,000 మీటర్లు, పక్కపక్కనే ఆరు లేన్లు. (2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మాత్రం 1,500 మీటర్లే.) మలుపు లేకుండా, గాలికి పెద్దగా అలలు లేవకుండా అంత పొడవు నీళ్లు దొరకడం కష్టం. చలి దేశాల్లో అయితే శీతాకాలంలో ఉన్న నీళ్లు కూడా గడ్డకడతాయి. అందుకే యూరప్ జట్లు స్పెయిన్‌లోని సెవిల్‌కో, ఇటలీలోని సబౌడియాకో వెళ్తుంటాయి. 1992 ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన బన్యోలెస్ సరస్సు కూడా ఇలాంటి క్యాంపులకు పేరున్న చోటే.

రెండోది, పోటీ జరిగే ప్రాంతపు ఎండకు, గాలికి, గడియారానికి ఒళ్లు ముందే అలవాటు పడాలి.

నా దృష్టిలో అసలు కారణం మూడోది. క్యాంప్‌లో బస్సు కోసం పరుగెత్తే పని ఉండదు, పెళ్లిళ్లు ఉండవు, పరీక్షలు ఉండవు. పడవ నడపడం, తినడం, పడుకోవడం, అంతే. నలుగురు లేదా ఎనిమిది మంది ఒకే వేళకు లేచి, ఒకే వేళకు తిని, ఒకే వేళకు అలసిపోతే తెడ్లు కూడా ఒకే క్షణంలో నీళ్లలో పడడం మొదలవుతుంది.

రోజు ఎలా గడుస్తుంది?

క్యాంప్‌ను బట్టి కాస్త మారుతుంది కానీ తీరు ఒకటే. ఐదున్నరకు లేవగానే మంచం మీదే నాడి చూసుకోవాలి, తర్వాత బరువు చూసుకోవాలి, రెండూ రాసిపెట్టాలి. మామూలుగా 48 ఉండే నాడి వరుసగా రెండు రోజులు 56 చూపిస్తే కోచ్‌కు చెప్పాలి. జ్వరం రాబోతుండొచ్చు, లేదా పని ఎక్కువై ఉండొచ్చు.

మొదటి వారం గడిచేసరికి పొద్దున్నే వేళ్లు తెరుచుకోవు. రాత్రంతా తెడ్డు పట్టుకునే పడుకున్నట్టు కొక్కేల్లా ముడుచుకుని ఉంటాయి. గోరువెచ్చని నీళ్ల కింద పెట్టి ఒక్కో వేలూ సాగదీస్తే గానీ టూత్‌పేస్ట్ మూత తిరగదు. ఇది అందరికీ ఉండేదే, భయపడక్కర్లేదు. కాసేపటికి సర్దుకుంటుంది.

ఏదో కాస్త తిని ఏడింటికల్లా నీళ్ల మీదకు వెళ్తాం. 16 నుంచి 20 కిలోమీటర్లు. తిరిగొచ్చి పడవ కడిగి, కడుపునిండా టిఫిన్ చేసి, గంటో గంటన్నరో నిద్ర. పదకొండు ప్రాంతంలో రెండో సెషన్. మధ్యాహ్నం భోజనం, మళ్లీ పడక. సాయంత్రం వారంలో మూడు రోజులు జిమ్, మిగతా రోజుల్లో ఎర్గోమీటర్ (ఒడ్డు మీదే రోయింగ్ చేసే యంత్రం) లేదా తేలికగా సైకిల్. రాత్రి భోజనం ముందు ఫిజియో దగ్గర వంతు, భోజనం తర్వాత పావుగంట వీడియో. తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పేయాలి. వారానికి ఒక పూట సెలవు ఉంటుంది. ఆ పూట ఊరు చూద్దామని పది కిలోమీటర్లు నడిచి రాకండి.

ఇంత నెమ్మదిగా నడిపిస్తున్నారేంటి? రేసుకు ఇది సరిపోతుందా?

కొత్తవాళ్లందరికీ వచ్చే సందేహం ఇది. రేసులో నిమిషానికి 36 నుంచి 40 స్ట్రోకులు వేస్తాం. క్యాంప్‌లో చాలా భాగం 18, 20 మీదే గడుస్తుంది. చూసేవాళ్లకు విహారయాత్రలా కనిపిస్తుంది.

పడవను బట్టి, గాలిని బట్టి 2,000 మీటర్లకు ఐదున్నర నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంతసేపు సాగే శ్రమలో ఒంటికి కావలసిన శక్తిలో ముప్పావు వంతు వరకు ఆక్సిజన్ వాడుకునే మార్గంలోనే వస్తుంది. ఆ మార్గాన్ని పెంచేది గంటల తరబడి చేసే తేలికపాటి పనే. అది నిజంగా తేలికగానే సాగుతోందా అని చూడడానికి చెవి తమ్మె మీద చిన్న సూదిపోటు పొడిచి రక్తపు చుక్క తీస్తారు. శ్రమ గట్టిపడేకొద్దీ రక్తంలో పెరిగే లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపు ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. మీటర్ లేకపోయినా ఒక లెక్క ఉంది: వెనక కూర్చున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా?

అక్కడ ఇంకో దేశం జట్టు పక్కనుంచి దాటిపోతుంది. వెంటనే చేతులు వేగం పెంచేస్తాయి. ఆ నాలుగు నిమిషాల సరదాకు సాయంత్రం సెషన్ పాడవుతుంది, మర్నాడు పొద్దున కూడా. వాళ్ల ప్లాన్‌లో ఆ రోజు గట్టి పని ఉండి ఉంటుంది, మీ ప్లాన్‌లో లేదు. వాళ్లను వెళ్లనివ్వండి.

దిగిన మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోతే?

ఒక్కో టైమ్ జోన్‌కు సర్దుకోవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. పశ్చిమానికి వెళ్లడం కంటే తూర్పుకు వెళ్లడం కష్టం, ఎందుకంటే మామూలు కంటే ముందే నిద్రపోవాల్సి వస్తుంది. మంచి కోచ్ మొదటి రెండు మూడు రోజులు తేలిక పనే పెడతారు. అక్కడి పొద్దుటి వేళకు లేచి వెలుతురులో తిరగండి, భోజనాలు అక్కడి గడియారం ప్రకారమే చేయండి, పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. ఫోన్‌లో ఇంటి టైమ్ చూడడం ఆపేయండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే టెన్షన్ పడుతూ దొర్లకుండా లైటు వేయకుండానే పడుకుని ఉండండి, ఆ విశ్రాంతీ లెక్కలోకి వస్తుంది.

కొండల మీద క్యాంప్ అంటే ఏంటి?

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. దాన్ని భర్తీ చేసుకోవడానికి ఒళ్లు ఎర్ర రక్తకణాలు ఎక్కువగా తయారుచేస్తుంది. సాధారణంగా 1,800 నుంచి 2,300 మీటర్ల ఎత్తులో మూడు వారాలు ఉంటారు. ఆస్ట్రియాలోని సిల్వ్‌రెట్టా జలాశయం సుమారు 2,030 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ పడవ కూడా నడపొచ్చు కాబట్టి రోయింగ్ జట్లకు అది చాలా ఇష్టం.

బయలుదేరే ముందే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. ఒంట్లో ఐరన్ నిల్వ లేకపోతే రక్తకణాలు తయారు కావు, మూడు వారాల కష్టం వృథా అవుతుంది. బయలుదేరడానికి ఐదారు వారాల ముందే ఆ పరీక్షకు వెళ్తే తక్కువ ఉన్నా సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. పైకి వెళ్లాక మామూలు వేగానికే నాడి ఎక్కువ కొట్టుకుంటుంది, నిద్ర పలచగా ఉంటుంది, దాహం ఎక్కువ. మొదటి వారం వేగం చూసి కుంగిపోవద్దు.

మా పడవ మాతో వస్తుందా? అద్దె పడవైతే ఇబ్బందా?

దగ్గరి దేశమైతే ట్రైలర్ మీద వస్తుంది. సముద్రం దాటాలంటే చాలాసార్లు అద్దె పడవే గతి. ఎనిమిది మంది పడవ 17 మీటర్లకు పైనే ఉంటుంది, అందుకే ప్రయాణానికి వీలుగా మధ్యలో విడదీసే రకం వాడతారు.

అద్దె పడవతో ఇబ్బంది లేదు, కొలతలు మీ దగ్గర ఉంటే. ఇంటి దగ్గర ఉండగానే మీ పడవ కొలతలన్నీ కొలిచి కాగితం మీద రాసుకోండి: తెడ్డును పట్టి ఉంచే గేట్ల మధ్య దూరం, సీటు నుంచి గేటు ఎత్తు, గేటు వాలు, తెడ్డు మొత్తం పొడవు, లోపలి వైపు పొడవు, ఫుట్ స్ట్రెచర్ (పాదాలు ఆనించే పలక) ఏ రంధ్రంలో ఉంది, దాని కోణం ఎంత. గేటు ఎత్తులో ఒక సెంటీమీటర్ తేడా వచ్చినా స్ట్రోక్ చివర చేతులు పొట్టకు తగలడమో, భుజాలు పైకి లేవడమో జరుగుతుంది. అదే తేడాతో రోజుకు 30 కిలోమీటర్లు నడిపితే నాలుగో రోజుకు నడుము చెబుతుంది.

సొంతంగా తీసుకెళ్లాల్సినవి: 10, 13 నంబర్ స్పానర్లు, కొలిచే టేపు, ఎలక్ట్రికల్ టేపు, సీటు మీద వేసుకునే మెత్త, అలవాటైన షూస్. ప్రతి సెషన్ ముందు మీ రిగ్గర్ (పడవ పక్కకు చాచి గేటును మోసే చట్రం) నట్లు మీరే వేళ్లతో తడిమి చూసుకోండి. ఓసారి నేను పక్కవాళ్లు బిగించారులే అనుకుని వదిలేశాను. తీరానికి మూడు కిలోమీటర్ల దూరంలో నట్టు ఊడి నీళ్లలో పడింది. నేను తెడ్డును పడవకు అడ్డంగా నొక్కిపట్టి కూర్చుంటే మిగతా ముగ్గురూ నెమ్మదిగా లాక్కొచ్చారు. వాళ్ల సెషన్ కూడా పోయింది.

ఇంకో రెండు చూడండి. పడవ ముక్కు మీద తెల్లని బంతి గట్టిగా ఉందా, పడవకు బిగించిన షూస్ మడమ తాళ్లు సరైన పొడవులో ఉన్నాయా? పడవ బోల్తా పడితే చేతులు వాడకుండానే కాళ్లు బయటకు వచ్చేది ఆ తాళ్ల వల్లే.

కొత్త నీళ్లలో భయం ఉండదా?

ఉండాలి. మనం వెళ్తున్న వైపు మనకు వీపు ఉంటుంది, అది మర్చిపోకూడదు. ప్రతి సరస్సుకూ రాకపోకల మ్యాప్ ఉంటుంది, ఏ వైపు పైకి వెళ్లాలి, ఏ వైపు తిరిగి రావాలి, ఎక్కడ మలుపు తీసుకోవాలి అని. మొదటి రోజు దాన్ని రేవు దగ్గర నిలబడి, వేలితో చూపిస్తూ జట్టంతా కలిసి చదవాలి. మీరు అలవాటు పడ్డ దిశకు అది సరిగ్గా తిరగేసి ఉండొచ్చు.

పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఈదకండి. పడవ తేలుతుంది, పట్టుకునే ఉండండి. చల్లటి నీళ్లలో మొదటి నిమిషం ఊపిరి ఎగిసిపడుతుంది, ఆ నిమిషం కేవలం ఊపిరి మీదే దృష్టి పెట్టండి.

తిండి సంగతి?

ఆకలి అయ్యాక తినడం అనేది క్యాంప్‌లో పనికిరాదు. పెద్ద ఒళ్లున్న మగవాళ్లకు రోజుకు 5,000 కేలరీలు దాటొచ్చు. సెషన్ ముగిసిన అరగంట, ముప్పావుగంటలోపు పిండిపదార్థాలు, కొంత ప్రొటీన్ కడుపులో పడాలి. రేవు దగ్గరికే డబ్బా తెచ్చుకోండి. ప్రాక్టీస్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది.

అక్కడి వంట నచ్చకపోవచ్చు. అప్పుడు నచ్చినవి రెండు మూడు పట్టుకుని అవే ఎక్కువ తినండి, కానీ తగ్గించకండి. అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట: నెలసరి ఆగిపోవడాన్ని గట్టి ట్రెయినింగ్‌కు గుర్తుగా తీసుకోవద్దు. చేసే పనికి తిండి చాలడం లేదని ఒళ్లు ఇచ్చే హెచ్చరిక అది, ఎముకలు బలహీనపడతాయి. డాక్టర్‌కు చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అబ్బాయిల్లోనూ తిండి చాలకపోతే హార్మోన్లు పడిపోతాయి.

క్యాంప్‌లో అందరూ ఎక్కువగా భయపడేది దేనికి?

జబ్బుకు. ఒక్కరికి విరేచనాలు పట్టుకుంటే మూడు రోజుల్లో జట్టంతా మంచం ఎక్కుతుంది. న్యూజిలాండ్ రోవర్ మాహే డ్రైస్‌డేల్ 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి సింగిల్ స్కల్స్‌లో (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ) వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్. ఫైనల్ ముందు కడుపు జబ్బు పడింది. నీరసించిపోయిన ఒంటితోనే నడిపి కాంస్యం తెచ్చుకున్నాడు. స్వర్ణం కోసం 2012 లండన్ దాకా ఆగాల్సి వచ్చింది. అంతటివాణ్ణి ఆపింది ప్రత్యర్థి పడవ మాత్రమే అనుకోను.

అందుకే: మీ నీళ్ల సీసా మీదే, ప్రాణస్నేహితుడికి కూడా ఇవ్వకండి. రోజూ వేడినీళ్లతో కడగండి. సరస్సు నీళ్లు తెడ్డు పిడి మీద పడతాయి, ఆ చేతులతో సీసా మూత ముట్టుకుంటాం, కాబట్టి మూతకు కవర్ ఉన్నది కొనండి. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి. గొంతు గరగరమన్నా దాచకండి, గది మార్పించుకోండి.

అరచేతుల బొబ్బలకు ఏం చేయాలి?

తెడ్డు పిడిని శుభ్రం చేస్తూ ఉండండి. చితకని బొబ్బను అలాగే వదిలేయండి. చితికితే సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, నీళ్ల మీదకు వెళ్లేటప్పుడు మాత్రమే టేపు వేయండి. రాత్రి గాలి తగలనివ్వండి. గట్టిపడ్డ కాయలను స్నానం తర్వాత రుద్ది పలచగా ఉంచుకుంటే చర్మం చీలదు. ఎర్రబడి వేడిగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు.

నొప్పి ఉందని చెబితే సీటు పోతుందేమో?

ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం ఖరీదు పెట్టి కొన్నది.

క్యాంప్ ఎనిమిదో రోజున నాకు కుడి పక్కటెముకల దగ్గర ఏదో పట్టేసినట్టు అనిపించింది. నడిపేటప్పుడు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి మంచం మీద పక్కకు తిరిగితే మాత్రం ఊపిరి ఆగేంత పోటు. తుమ్ము వస్తే దిండు గుండెకు హత్తుకునేవాణ్ణి. గదిలో ఉన్నవాడు ఏమైందని అడిగితే నిద్ర సరిగా పట్టలేదన్నాను. అలా ఐదు రోజులు దాచాను. ఆరో రోజు గట్టి పని మధ్యలో, స్ట్రోక్ మొదట్లో ఎవరో లోపల పుల్ల విరిచినట్టయింది. స్కాన్‌లో పక్కటెముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడికి వచ్చే ఎముక చీలిక. ఆరు వారాలు తెడ్డు ముట్టుకోలేదు. రేసు ఒడ్డు మీద నుంచి చూశాను. నా సీటులో కూర్చున్న అబ్బాయికి ఆ పడవతో ఆరు రోజుల పరిచయమే ఉంది. మా వాళ్లు నాలుగో స్థానంలో వచ్చారు.

పక్కటెముక, నడుము, ఈ రెండూ రోవర్లకు ఎక్కువగా దెబ్బతినే చోట్లు. మొదటి రోజే చెప్పి ఉంటే కొన్ని రోజులు సైకిల్ తొక్కించి ఉండేవాళ్లు, బహుశా రేసు కూడా దక్కేది. గట్టిగా ఊపిరి తీసినా, దగ్గినా, పక్కకు తిరిగినా ఒకే చోట పోటు వస్తుంటే ఆ రోజే ఫిజియోకు చెప్పండి. కోచ్‌లకు కూడా ఇదే చెబుతాను: చెప్పినవాణ్ణి శిక్షించినట్టు చూస్తే ఇంకెవరూ చెప్పరు.

సీట్ రేసింగ్ అంటే ఏంటి? అది నిద్ర చెడగొడుతోంది.

రెండు పడవలు పక్కపక్కన కొంత దూరం పోటీపడతాయి. తర్వాత ఒక్కొక్క పడవ నుంచి ఒక్కరిని మార్చి మళ్లీ అదే దూరం. తేడా ఎంత మారిందో చూసి ఇద్దరిలో ఎవరు పడవను వేగంగా తీసుకెళ్తున్నారో తేలుస్తారు. రాత్రి పక్క మంచం మీద పడుకునేవాడే పొద్దున ప్రత్యర్థి అవుతాడు. గట్టిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ రోజు అడ్డదిడ్డంగా బలం చూపించే ప్రయత్నం చేయకుండా ముందున్నవాళ్ల వీపును చూసి లయ కలపండి. ఫలితం వచ్చాక ఆ సాయంత్రమే అవతలి వ్యక్తితో కలిసి భోజనం చేయండి.

డోప్ టెస్ట్ వాళ్లు క్యాంప్‌కు కూడా వస్తారా?

వస్తారు, చెప్పకుండా వస్తారు. మీరు రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా పరీక్షించడానికి ఎంపిక చేసిన ఆటగాళ్ల జాబితా) ఉంటే ప్రతి రోజూ ఒక గంట ఎక్కడ దొరుకుతారో ముందే ఆడమ్స్‌లో (డోపింగ్ నిరోధక సంస్థ ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు చేయాలి. క్యాంప్ చిరునామా, గది నంబరు, సెలవు పూట వెళ్లే చోటు, అన్నీ మార్చుకోవాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరక్కపోయినా, వివరాలు తప్పినా నిషేధం పడే ప్రమాదం ఉంది. జట్టు మేనేజర్ చూసుకుంటారులే అనుకోకండి, బాధ్యత మీదే.

జలుబుకు మందుల షాపులో దొరికినది వేసుకోవద్దు. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు దాటితే పోటీ సమయంలో నిషిద్ధం. జట్టు డాక్టర్‌ను అడగందే ఏ మాత్రా, ఏ సప్లిమెంటూ వద్దు.

లైట్‌వెయిట్‌లో ఉన్నాను, బరువు ఎలా?

లైట్‌వెయిట్ అంటే బరువుకు పరిమితి ఉన్న విభాగం. మగవాళ్లకు పరిమితి 72.5 కిలోలు, జట్టు సగటు 70. ఆడవాళ్లకు 59, సగటు 57. రేసుకు రెండు గంటల ముందు నుంచి గంట ముందు లోపు తూకం. ఒలింపిక్స్‌లో 2024 పారిస్‌తో ఈ విభాగం ముగిసింది. నా అభిప్రాయం స్పష్టం: తగ్గాల్సిన బరువు క్యాంప్‌కు రాకముందే నెమ్మదిగా తగ్గాలి. క్యాంప్‌లో పస్తులుంటే జబ్బు పడతారు.

గదిలో బోర్ కొడుతుంది, ఇల్లు గుర్తొస్తుంది. ఎలా?

రెండో వారం మధ్యలో అందరికీ అవుతుంది. కొత్తదనం పోయింది, రేసు ఇంకా దూరం, ఒళ్లు బరువు. ఆ రోజుల్లో చిన్న మాటకే గొడవలవుతాయి. ఇంటికి ఫోన్ రోజూ ఒకే వేళకు, ఇరవై నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్లకూ మనవి: ఇంటి సమస్యల్లో వాళ్లు అక్కణ్ణుంచి ఏమీ చేయలేనివి ఉంటే కొన్ని రోజులు ఆపండి. "సీటు ఖాయమైందా?" అని రోజూ అడగకండి. ఏం తిన్నావని అడగండి.

చివరి పది రోజులు పని తగ్గించారు. ఒళ్లు ఇంకా బరువుగా ఉంది, ఫిట్‌నెస్ పోయినట్టేనా?

పోలేదు. దీన్ని టేపర్ అంటారు. దూరాన్ని సగం దాకా తగ్గిస్తారు, రేసు వేగంలో చేసే చిన్న ముక్కలు మాత్రం ఉంచుతారు. మొదటి మూడు నాలుగు రోజులు కాళ్లు సీసం పోసినట్టుంటాయి, నిద్ర ఎక్కువ వస్తుంది, గొంతులో ఏదో ఉన్నట్టు అనుమానం. ఆ సమయంలో కంగారుపడి చీకట్లో లేచి దొంగతనంగా పరుగెత్తేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఏదో ఒక పొద్దున పడవ నీళ్ల మీద ఉన్నట్టుండి తేలికవుతుంది, అడుగున బుడగల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

క్యాంప్ ఆఖరి రోజు ఏం ఉంటుంది?

పొద్దున 8 కిలోమీటర్లు తేలికగా. తర్వాత రిగ్గర్లు విప్పి, ఎవరి నట్లు వాళ్ల సంచిలో వేసి, సంచిని రిగ్గర్‌కే టేపు చేస్తాం. సీటు చక్రాల కింద పట్టాలు గుడ్డతో తుడుస్తాం. ఒక్క ఇసుక రేణువు ఉన్నా సీటు పట్టేస్తుంది. గేట్ల కొలతలు చివరిసారి కొలిచి, మొదటి రోజు కాగితం పక్కన రాసుకుంటాం. పడవను ట్రైలర్ మీదకు ఎత్తి, ముందొక పట్టీ వెనకొక పట్టీ కట్టాక కాక్స్ (పడవలో కూర్చుని దారి చూపే అమ్మాయి) రెండింటినీ లాగి చూస్తుంది. ఆ కాగితాన్ని మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, చేతి సంచిలో ఉంచుకోండి. రేసు జరిగే చోట దిగగానే మొదట కావలసింది అదే.